లెక్కల తరగతిలో మన వారసత్వం

పదో తరగతిలో వర్గ సమీకరణాలు రాగానే చాలామంది పిల్లలు సూత్రాన్ని కంఠస్థం చేసి గట్టెక్కుతారు. అది ఎందుకు పనిచేస్తుందో వారికి తెలియదు. ఈ లోటును తీర్చే బోధన తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాద్‌లోనే ఉంది.

ఆ నగరంలోని బైతుల్ హిక్మాకు చెందిన విద్వాంసుడు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో ఒక ప్రశ్న వేశారు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పదిరెట్లు కలిపితే 39 వస్తుంది. ఆ సంఖ్య ఏది? దీనిని ఆయన బొమ్మతో నిరూపించారు. ముందు ఒక చతురస్రం. దాని రెండు పక్కల 5 వెడల్పుగల రెండు దీర్ఘచతురస్రాలు. ఇంతవరకు వైశాల్యం 39. మూలన మిగిలిన ఖాళీని 25 వైశాల్యంగల చిన్న చతురస్రంతో నింపితే మొత్తం 64. అంటే పెద్ద చతురస్రం భుజం 8. అందులో 5 తీసివేస్తే జవాబు 3. పాఠ్యపుస్తకంలోని 'వర్గమును పూర్తిచేయుట' ఇదే! అట్టముక్కలు, కత్తెర ఉంటే ఏ పల్లె బడిలోనైనా దీనిని చేసి చూపవచ్చు.

పదవ శతాబ్దంలో అబుల్ వఫా బూజ్‌జానీ చేతిపనివారికి అవసరమైన జ్యామితి నిర్మాణాలపై గ్రంథం రచించారు. వృత్తలేఖినితో వృత్తాన్ని ఆరు సమభాగాలు చేసి, ఆ బిందువులను ఒకటి విడిచి ఒకటి కలిపితే ఆరు కోణాల నక్షత్రం ఏర్పడుతుంది. జ్యామితి పీరియడులో దానిని గీసిన విద్యార్థికి మసీదు జాలీలోని అల్లిక వెనుక ఉన్న లెక్క కనబడుతుంది.

అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ పంపకాల లెక్కలే. దివ్య ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా నిర్ణయించిన వాటాలను భిన్నాల పాఠంలో చేర్చవచ్చు. అప్పులు, వసీయత్ తీర్చిన తర్వాత ఒక వ్యక్తికి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె మాత్రమే వారసులుగా మిగిలారనుకుందాం. భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినది కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున. ఆస్తిని 24 భాగాలు చేస్తే తల్లికి 3, కుమారునికి 14, కుమార్తెకు 7.

ఈ లెక్క మార్కుల కోసమే కాదు. మన ఇళ్లలో ఎందరో ఆడపడుచులు తమ వాటా ఎంతో తెలియకుండానే 'నాకేమీ వద్దు' అని సంతకం చేస్తున్నారు. ఆ 7 భాగాలు సోదరుని దయ కాదు, అల్లాహ్ నిర్ణయించిన హక్కు. తరగతి గదిలో ఆ లెక్క స్వయంగా చేసిన బాలిక దానిని మరచిపోదు. పక్క బల్లపై కూర్చున్న బాలుడూ మరచిపోడు.

మన యాజమాన్యంలోని పాఠశాలలు ఈ మూడు పాఠాలతో శ్రీకారం చుట్టాలని మేము కోరుతున్నాము. ఇందుకు కొత్త పుస్తకాలు అక్కరలేదు. ఉపాధ్యాయుల సంకల్పం చాలు.