బొటనవేలే బ్రేకు

నాటింగ్‌హామ్‌లో ట్రెంట్ నది ఒడ్డున గాలం వేసే పెద్దాయనల దగ్గర ఇంకా సెంటర్‌పిన్ రీళ్లు కనబడతాయి. నాదీ ఆ జాతే. గేర్లు ఉండవు. ఒక ఇరుసు, దాని మీద తిరిగే డ్రమ్ము, అంతే. గబగబా చుట్టుకోవాలంటే కుదరదు. 4.5 అంగుళాల డ్రమ్ము నిండుగా ఉన్నా, ఒక చుట్టుకు వచ్చే దారం 14 అంగుళాలే.

దీని గొప్పంతా పారే నీటిలోనే. బెండు కొట్టుకుపోతుంటే ఆ కాస్త లాగుడికే డ్రమ్ము తిరిగి దారం వదలాలి. అంచుకి ఆనించిన బొటనవేలే బ్రేకు, చేప పడ్డాక కూడా.

కొట్లో చాలామంది డ్రమ్మును విసురుగా తిప్పి ఎంతసేపు తిరిగిందో చూసి మురిసిపోతారు. నాకది లెక్కలోకి రాదు. వేలికొనతో తాకగానే కదలాలి, మెల్లగా తిరిగేటప్పుడు ఎక్కడా పట్టేయకూడదు. తర్వాత అంచు పట్టుకుని ఊపి చూడండి. లొడలొడలాడితే వద్దు. డ్రమ్ముకీ వెనక పలకకీ మధ్య సందు చుట్టూ ఒకేలా లేకపోతే సన్నదారం అందులో దూరి ఇరుక్కుంటుంది. ఎముకలు కొరికే చలిలో దాన్ని పీకడం నరకం.

బేరింగులున్నవి తేలిగ్గా తిరుగుతాయి. నాకు మాత్రం ఉత్త ఇరుసుదే ఇష్టం, తుడుచుకోవడం సులువు. డ్రమ్ము ఊడదీసి, పాత నూలుగుడ్డతో ఇరుసు మీది నల్లటి జిడ్డు తుడిచి, పల్చటి నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. గ్రీజు చలికి చిక్కబడుతుంది. రీలును ఇసుకలో పెట్టకండి.

ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మామూలు మంచినీటి చేపలకు గాలం వేయకూడదు. రీలు తుడిచి నూనె వేసుకోవడానికి ఆ మూడు నెలలు బోలెడు.