రిచర్డ్ హెక్: ఒంటరిగా రాసిన 7 పేపర్లు.. 42 ఏళ్ల తర్వాత నోబెల్

1968లో 'జర్నల్ ఆఫ్ ది అమెరికన్ కెమికల్ సొసైటీ'లో ఒకదాని వెంట ఒకటిగా 7 పరిశోధన పత్రాలు వచ్చాయి. అన్నింటికీ రచయిత ఒక్కరే. ఆయన యూనివర్సిటీ ప్రొఫెసర్ కూడా కాదు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో హెర్క్యులిస్ అనే రసాయనాల కంపెనీలో పనిచేస్తున్న 37 ఏళ్ల కెమిస్ట్.

ఆయనే రిచర్డ్ హెక్. ఆ పత్రాల నుంచి ఎదిగిన 'హెక్ రియాక్షన్' ఇప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివే విద్యార్థులందరికీ తెలుసు. కానీ, నోబెల్ రావడానికి 2010 వరకు ఆగాల్సి వచ్చింది.

అసలు సమస్య ఏంటి?

మందుల్లో చాలావాటి అణువులకు కార్బన్ గొలుసులు, వలయాలే అస్థిపంజరం. కొత్త మందు తయారు చేయాలంటే ఒక కార్బన్‌ను మరో కార్బన్‌తో, అదీ కోరుకున్న చోటే అతికించాలి. కార్బన్ అంత తేలిగ్గా లొంగదు. బలవంతం చేస్తే అక్కర్లేని పదార్థాలు కుప్పలుగా తయారవుతాయి.

పలాడియం అనే లోహం ఇక్కడ పెళ్లిళ్ల పేరయ్య పాత్ర పోషిస్తుంది. బెంజీన్ వలయానికి అంటుకుని ఉన్న అయోడిన్ లేదా బ్రోమిన్‌కూ, ఆ వలయానికీ మధ్య ముందుగా చొరబడుతుంది. తర్వాత, రెండు బంధాలతో కలిసిన కార్బన్‌లున్న ఆల్కీన్‌ను దగ్గరికి చేర్చుకుంటుంది. వలయం ఆల్కీన్‌కు అతుక్కోగానే, పలాడియం ఒక హైడ్రోజన్‌ను తీసుకుని తప్పుకొంటుంది. ద్రావణంలోని క్షారం ఆ హైడ్రోజన్‌ను లాగేసుకోవడంతో లోహం మళ్లీ మొదటి స్థితికి వచ్చి, ఇంకో జంటను కలిపే పనిలో పడుతుంది. అందుకే చిటికెడు పలాడియంతో ఎంతో సరకు తయారు చేయొచ్చు.

కోబాల్ట్ నుంచి పలాడియం దాకా

హెక్ ఇక్కడికి నేరుగా రాలేదు. 1960ల మొదట్లో కోబాల్ట్ ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందో సహోద్యోగి డేవిడ్ బ్రెస్లోతో కలిసి దశలవారీగా వివరించారు. లోహం, కార్బన్ మధ్య ఏం జరుగుతుందన్న ఆ అవగాహనే పలాడియం వైపు దారి చూపింది.

1968 నాటి పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. దానికి విషపూరితమైన పాదరసం సమ్మేళనాలు కావాలి. 1971లో జపాన్ శాస్త్రవేత్త సుతోము మిజొరోకి, 1972లో విడిగా హెక్.. పాదరసం లేకుండానే ఈ చర్య జరపొచ్చని చూపారు. అందుకే దీన్ని 'మిజొరోకి-హెక్ రియాక్షన్' అని కూడా అంటారు. మిజొరోకి 1980లోనే మరణించారు.

గుర్తింపు ఎందుకు ఆలస్యమైంది?

1971లో డెలావేర్ యూనివర్సిటీలో చేరిన హెక్, 1989లో రిటైరయ్యారు. ఆ తర్వాతే ఆయన పద్ధతి వాడకం బాగా ఊపందుకుంది. ఈలోగా ఐచీ నెగిషి జింక్‌తో, అకిరా సుజుకి బోరాన్‌తో పలాడియం కప్లింగ్‌ను విస్తరించారు. 2010లో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో స్థిరపడిన హెక్, 2015 అక్టోబరులో మనీలాలో కన్నుమూశారు.

మన మందులతో సంబంధం ఏంటి?

ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ తయారీకి మెర్క్ కంపెనీ రూపొందించిన పద్ధతిలో హెక్ చర్య ఒక కీలక దశ. బీపీకి వాడే లోసార్టాన్‌కు అదే కంపెనీ సుజుకి చర్యను వాడింది. ఈ రెండు మందులకూ ముడిసరకు హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లోనూ తయారవుతోంది.

పలాడియంతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అది ఖరీదైన లోహం. వాడాక తిరిగి రాబట్టుకోకపోతే నష్టం. రెండు, మందులో దాని ఆనవాళ్లు మిగలకూడదు. నోటి ద్వారా తీసుకునే మందుల్లో రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పలాడియం శరీరంలోకి వెళ్లకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నికెల్, ఇనుము లాంటి చవకైన లోహాలతో ఇదే పని చేయించే ప్రయత్నాలకు కారణం ఇదే.

పేపర్ అచ్చయిన రెండు, మూడేళ్లలో ఎన్నిసార్లు ఉటంకించారన్నదే చాలాచోట్ల పరిశోధన విలువకు కొలమానం అవుతోంది. 1968 నాటి 7 పేపర్ల అసలు విలువ ఆ లెక్కకు అందేది కాదు. లోహం అలా ఎందుకు ప్రవర్తిస్తుందని ఓ కంపెనీ ల్యాబ్‌లో ఒక మనిషి ఓపిగ్గా వెతికిన జవాబు, దశాబ్దాల తర్వాత మందుల షాపుల్లోకి చేరింది.