అల్లూరి బొమ్మ

అల్లూరి సీతారామరాజు అనగానే తెలుగువారికి తోచే రూపం ఒక్కటే. కాషాయ వస్త్రాలు, గుబురు గడ్డం, చేతిలో విల్లు, వీపున అమ్ములపొది. గోదావరి జిల్లాల్లో కూడళ్ల దగ్గరి విగ్రహాలు, జూలై 4 జయంతికి కట్టే ఫ్లెక్సీలు, ఆటోల వెనక అంటించే బొమ్మలు, బడిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్ వేషాలు దాదాపు అన్నీ ఆ రూపంలోనే ఉంటాయి. రాజు తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరంలో ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడినవాడు. 1908 గోదావరి పుష్కరాలప్పుడు ప్రబలిన కలరాకు బలయ్యాడు. ఆయన కొడుకు రూపం మాత్రం జనంలోకి ఫొటోగా రాలేదు, ఒక నటుడి ద్వారా వచ్చింది.

ఆ నటుడు కృష్ణ. 1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ ఆయనకు నూరో చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఇందులో శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర లేవరా’ పాటకు జాతీయ అవార్డు దక్కింది. ఆ తరువాత బొమ్మ గీసేవారు, విగ్రహం పోసేవారు చాలామంది ఆ వేషాన్నే ఆధారం చేసుకున్నారు. ముఖకవళికల్లో సైతం కృష్ణ పోలికలు కనిపించే బొమ్మలు తక్కువేమీ కాదు.

అభిమానులు ఇన్నాళ్లుగా గీస్తున్నది విల్లునే అయినా, వారిని కట్టిపడేసింది రాజు నడత. పోలవరంలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ రాజుకు అండగా నిలిచి, పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. ఆయన బతికి ఉండగా బ్రిటిషు సర్కారుపై తిరగబడనని రాజు మాట ఇచ్చాడని చెబుతారు. ఆయన పోయిన కొద్ది వారాలకే, 1922 ఆగస్టు 22న, చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు మన్యం వీరుల చేతికొచ్చాయి. తీసుకున్న ఆయుధాల వివరాలు స్టేషను పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి వెళ్లాడు రాజు. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషను మీదికి ముందే కబురు పంపి మరీ, పట్టపగలు వచ్చాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చాకే కాల్పులు మొదలయ్యాయి. చనిపోయింది కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు.

దొంగచాటు లేదు, మాట తప్పడం లేదు, ఎదురుగా ఉన్నది ఎంత పెద్ద సర్కారైనా బేరం లేదు. పాశ్చాత్య కామిక్స్‌లో ఇలాంటి రాజీపడని పాత్రలకు ప్రత్యేకమైన అభిమానగణం ఉంది. 1986లో మొదలైన ‘వాచ్‌మెన్’లోని రోర్‌షాక్ ఆ పాత్రల్లో ముఖ్యుడు. తోటి వీరులంతా ఒప్పుకున్న అబద్ధానికి అతడొక్కడే తలవంచక ప్రాణం పోగొట్టుకుంటాడు. అయితే రోర్‌షాక్ తన సమాజపు చట్టాన్ని తానే చేతుల్లోకి తీసుకున్న మనిషి. రాజు ఎదిరించినదైతే, పోడు వ్యవసాయాన్ని నిషేధించి, గిరిజనుల చేత కూలి ఎగ్గొట్టి రోడ్లు వేయించిన పరాయి చట్టం. ఆ తేడా చిన్నది కాదు. రోర్‌షాక్‌ను మెచ్చుకునేవారికి కూడా అతడి క్రూరత్వం ముల్లులా గుచ్చుకుంటుంది. రాజు అభిమానులకు అలాంటి ఇబ్బంది లేదు.

2022 మార్చి 25న వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ ఈ బొమ్మకు కొత్త ఊపిరి పోసింది. కథ కల్పితం. రాజు, కొమురం భీం నిజజీవితంలో స్నేహితులుగా కలిసి పోరాడలేదు. సినిమా చివర అడవిలో రాజు పాత్రధారి రామ్‌చరణ్ కాషాయం కట్టి, విల్లు ఎక్కుపెట్టే దృశ్యాన్ని మాత్రం కుర్రకారు కంప్యూటర్ మీదా, కాగితం మీదా లెక్కలేనన్నిసార్లు గీశారు. అదే ఏడాది అక్టోబరులో జపాన్‌లో విడుదలయ్యాక అక్కడి అభిమానులు మాంగా శైలిలో రామ్, భీమ్‌ల బొమ్మలు విరివిగా వేశారు. వాటిలో రాజు చరిత్ర పురుషుడి కన్నా, మిత్రుడి కోసం దేనికైనా సిద్ధపడే కామిక్ వీరుడిగానే కనిపిస్తాడు.

కొత్తగా గీసే చేతులు తిరిగి చూడవలసింది అసలు ఘట్టాలను. మన్యం పోరాటంలో తుపాకుల పాత్ర విల్లు కన్నా తక్కువది కాదు. స్టేషను బల్ల ముందు సంతకం పెడుతున్న రాజు, కనుమలో సొంతవాళ్లని పోనిస్తూ చేయెత్తి ఆపిన రాజు బొమ్మల్లో అంతగా కనబడరు. ఆయన పక్కన నిలిచిన గాం సోదరులకైతే చోటే లేదు. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపాక ఆ సోదరుల్లో అన్న గంటం దొర కూడా ఆ ఏడాదే బలయ్యాడు. తమ్ముడు మల్లు దొర జైలుశిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.