కఱచుట, కొఱుకుట, కుట్టుట

చీకటిపడు వేళ పొలముగట్టు వెంబడి వచ్చుచున్న కుఱ్ఱవాడు కాలు పట్టుకొని వాకిట కూలబడినయెడల, ఇంటిలోని అవ్వ దీపము తెచ్చుచునే అడుగు మొదటి మాట "కుట్టిందా నాయనా, కరిచిందా?" అని. ఆ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరమును బట్టియే తేలో పామో తేలిపోవును. తోకకొననున్న కొండితో పొడుచునది తేలు. నోటిలోని కోరలు దింపునది పాము. ఈ భేదమును మన పూర్వులు ఏ జంతుశాస్త్రమును చదువకయే కన్నులార చూచి, క్రియాపదములయందే భద్రపఱచి మన కిచ్చిరి.

కుట్టుట సూదిపని. బట్ట కుట్టుటయందును, పసిబిడ్డకు చెవులు కుట్టించుటయందును, తేనెటీగ కుట్టుటయందును మొనగల సాధనమొకటి లోనికి దిగుటయే సమానధర్మము. దోమ సూదివంటి తొండముతో నెత్తురు పీల్చునుగనుక, ఇంగ్లీషువారు దానికిని కాటునే అంటగట్టినను, మనవారు దోమ కుట్టినదనియే అందురు. చీమ మాటయందు మాత్రము వాడుక రెండు త్రోవల నడచినది. దవడలతో చర్మమును పట్టి, వెనుకనున్న ముల్లుతో విషమెక్కించు చీమలు కలవు కావున, కుట్టినదనువారును కరిచినదనువారును సత్యమునే పలుకుచున్నారు.

కఱచుట గాయపఱచుట, కొఱుకుట ముక్క విడదీయుట. కుక్క కఱచును, ఎలుక కొఱుకును. చెఱకుగడను మనము కొఱుకుదుమే కాని కఱవము. జామపండుపై చొక్కా యంచు కప్పి, ఎంగిలి కాకుండ కొఱికి, చెలికానికి సగమిచ్చు బాలుర కాకియెంగిలిలో నున్నదియు ఈ కొఱుకుటయే. పంటికి లొంగనిది బుద్ధికిని లొంగదను భావముచేత, అర్థముకాని పద్యము కొఱుకుడు పడదనియు, దారికి రానివాడు కొఱకరాని కొయ్య యనియు వాడుక యేర్పడినది. తలపై నాణెమంత మేర వెండ్రుకలూడు వ్యాధిని పేనుకొఱుకుడందురు గాని, పాపము, పేనున కందు దోషమేమియు లేదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి రోమమూలములపై బడుట దానికి హేతువు.

ఇక పుట్టుక మాట. మన కఱచు, కన్నడుల కచ్చు, నమలుటను తెలుపు తమిళుల కఱి ఒక్క కుదుటివి. తమిళమున కడి యనగా కఱచుట. మన కావ్యభాషలో కడి యనగా అన్నపుముద్ద. పంటికందినంత కడి యైనదన్నమాట. నేర్చుకొనుట యను అర్థమునను కఱచు అను క్రియ గలదు. దానినుండియే నేర్పుటను తెలుపు కఱపు వచ్చినది. విద్యను కొఱికి మ్రింగుటచే ఈ యర్థము కలిగెనని భ్రమపడరాదు. తమిళులు కల్ అను ఈ నేర్చుట వేఱు ధాతువు. ఉచ్చారణమొక్కటి యగుటచే రెండును ఒక రూపమున కలిసినవి.

సంస్కృతమున కాటునకు మూలము దంశ ధాతువు. కోఱకు దంష్ట్ర యనియు, మాటిమాటికి కఱచు పామునకు దందశూకమనియు, కొలిమిలో ఇనుమును కఱచిపట్టు పటకారునకు సందంశమనియు పేళ్లు దానినుండియే కలిగినవి. వింత యేమన, పటకారును ఇంగ్లీషువారు 'టాంగ్స్' అందురు గదా, ఆ మాటయు ఈ మూలమునకే చెందినది. వారి 'బైట్' మాత్రము మన భేదము, భిన్నము అను మాటలు పుట్టిన భిద్ ధాతువునకు దాయాది. చీల్చుట దాని తొలి యర్థము.

పల్లెలలో పామును పేరెత్తి పలుకుటకు జంకి "పురుగు ముట్టింది" అందురు. భయమునుండి పుట్టిన ఆ మర్యాద ఇంటివఱకు చెల్లును. వైద్యుని యెదుట మాత్రము దానిని విడిచి, కుట్టినదో కరిచినదో అవ్వ యడిగినంత సూటిగా చెప్పవలెను.