లినక్సునకు క్రొత్తవారికి

1991లో టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు నేడు హనుమకొండలోని పాత కంప్యూటరునకును ఆయువు పోయగలదు. ఉత్తరములకు లిబ్రెఆఫీసు, పాటలకు వీఎల్‌సీ, అంతర్జాలమునకు ఫైర్‌ఫాక్సు చాలును, అన్నియు ఉచితములే. మా మాట వినినచో తెలుగు వ్రాతకు ఐబస్ అను సాధనమును, దానితోడి ఎం17ఎన్‌ను ముందుగా చేర్చుకొనవలెను. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అలవడనివారు ఉచ్చారణను బట్టి ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయవచ్చును. ఫాంటులలో పోతన మాకు ప్రియము. బమ్మెర కవి పేరు ఓరుగల్లు సీమవారికి చెప్పనేల?

చిక్కంతయు పాత వ్రాతలతోనే. అను ఫాంటులలో కొట్టించిన దస్తావేజును తెరచినచో అర్థములేని గుర్తులు కానవచ్చును. అవి యూనికోడు కావు. ఇతరాక్షరముల స్థానములలో తెలుగు రూపులను నిలిపినవి. వానిని మార్పిడి సాధనముచే యూనికోడు చేసి, పంక్తి పంక్తియు సరిచూచుకొనువరకు పాత ప్రతిని తుడిచివేయరాదు.