గదికి ఎంత ఫ్యాన్ కావాలి?

చిప్పగిరిలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాన్ వేస్తే గది చల్లబడుతుందా? లేదు. కదిలే గాలికి ఒంటిమీది చెమట ఆరి, మనమే చల్లబడతాం. (ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరిగితే కరెంటు దండగ!)

ఫ్యాన్ సైజంటే రెక్కలు తిరిగే వలయపు అడ్డుకొలత. 900 మిల్లీమీటర్లది 1200 అయితే పెరిగేది మూడోవంతే అనిపిస్తుంది. కానీ వలయం వైశాల్యం దాదాపు 1.8 రెట్లవుతుంది! ఎనిమిదడుగుల చదరపు గదికి 900 సరిపోతుంది, పది పన్నెండు అడుగులుంటే 1200 కావాలి. పొడుగాటి హాలుకు రెండు ఫ్యాన్లు మేలు.

పాత మట్టిమిద్దెల్లో కప్పు ఎత్తు తక్కువైతే అదో చిక్కు. రెక్కలు తలకు తగలకూడదు, కప్పుకు ఆనుకునీ ఉండకూడదు. పైన ఖాళీ లేకపోతే ఫ్యాన్ గాలిని లాగలేదు.