బాలుర కార్టు పందెములు



రథమన్న గుఱ్ఱములు, బండియన్న ఎడ్లు మన మనస్సునకు తోచును. నేడు నేను ప్రసంగింపబోవు బండికి ఈ రెండును లేవు. పైకప్పు లేదు, తలుపులు లేవు. నేలకు ఆనుకొన్నట్లే పోవును. దీనిని కార్టు అందురు. గో-కార్టు అనియు వ్యవహారము కలదు. పట్నములలోనున్న మన మనుమలు సెలవులకు వచ్చి, కార్టు పందెములలో దిగెదమని యడుగుచున్నారు. తండ్రి సరే యనును, తల్లి కూడదనును, తుదకు తగవు మన యరుగుమీదికి వచ్చును. తెలియక ఔననుటయు కాదనుటయు రెండును దోషములే కావున, నా మనుమని నిమిత్తమై చూచి విచారించి తెలిసికొన్నదానిని విన్నవించెదను.

1956వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్ట్ ఇంగెల్స్ అను నాతడు, పచ్చిక కోయు యంత్రపు చిన్న ఇంజనును ఇనుపగొట్టముల చట్రమునకు బిగించి తొలి కార్టును చేసెను. ఆతడు పందెపు కార్లు కట్టు కర్మాగారమున పనివాడు. వినోదమునకై పుట్టిన ఈ బండికి 1964 నాటికే ప్రపంచ విజేతను నిర్ణయించు పోటీ యేర్పడినది.

దీని నిర్మాణము మన యెడ్లబండితో పోల్చిన సులభముగా తెలియును. ఎడ్లబండిలో ఇరుసు కదలదు. చక్రములు దానిపై వేఱువేఱుగా తిరుగును. కావున మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును చిక్కులేక నడచును. మోటారు కారులో ఈ పనిని పండ్లచక్రముల పెట్టె యొకటి నెఱవేర్చును. కార్టులో వెనుక చక్రములు రెండును ఒకే యిరుసునకు బిగింపబడి, ఇరుసుతో కూడ తిరుగును. అట్లయిన మలుపు తిరుగుట యెట్లు? లోపలివైపు వెనుక చక్రము క్షణకాలము నేల విడిచి లేవవలయును. ముందు చక్రముల అమరికయు, చట్రము కొంచెము వంగుటయు, నడపువాని దేహభారము బయటివైపు ఒరుగుటయు కలసి దానిని లేపును. స్ప్రింగులు లేవు, చట్రము వంగుటయే వాని పని చేయును. ఇందువలన బాలుని దేహము బండిలో మోయబడు బరువు మాత్రమే కాదు, బండికొక అవయవము.

ఇక్కడనే మన పెద్దలు పొరబడుదురు. పెరుగు బిడ్డకు చొక్కా రెండంగుళములు వదులుగా కుట్టించుట మన యిండ్ల యాచారము. మా యింటనూ అదే జరిగినది. ఒక దుకాణమువాడు పెద్ద హెల్మెట్టు నిచ్చి, మూడేండ్లు పనికివచ్చునని చెప్పెను, నేనును సంతోషించితిని. శిక్షకుడు దానిని పట్టుకొని ప్రక్కలకు త్రిప్పగా తల కదలలేదు, హెల్మెట్టు మాత్రము తిరిగినది. ఆ డబ్బు నీళ్లపాలైనది. హెల్మెట్టు తలకు సరిగా పట్టవలయును. బరువెక్కువైన లేతమెడకు చేటు గనుక, బాలురకై తేలికగా చేయబడి సి.ఎమ్.ఆర్. అను ముద్ర కలిగినదానినే కొనవలయును. ఆసనము వదులైన ప్రక్కటెముకలు కములును. అందులకు ప్రక్కటెముకల కవచము వేఱుగా కలదు. కార్టులో నడుముపట్టీ ఉండదు. బండి తలక్రిందులైనచో దానిక్రింద చిక్కుకొనక వెలుపల పడుటయే మేలని ఆ యేర్పాటు. కనుకనే రాపిడికి చినుగని దుస్తులును, చేతితొడుగులును, చీలమండను కప్పు జోళ్లును తప్పనిసరి.

ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడగా, రథము నాపుమన్న రాజుతో నలుడు, అది యోజనము వెనుకబడినదని చెప్పెనట. కార్టులో జారిన వస్త్రము వెనుకబడదు, ఇరుసునకు చుట్టుకొనును. 2020లో హైదరాబాదు శివారున నొక విద్యార్థిని కేశములు చక్రమున చిక్కి ప్రాణము కోల్పోయినది. ఆమె పందెగత్తె కాదు, వినోదమునకు పోయినది. కావున ఆడపిల్లలు జడను ముడిచి దుస్తులలోనికి దోపవలయును. చున్నీ, కండువా, మెడతాడు ఏవియు కూడదు. ఈ మాట అద్దె బండ్లవారు చెప్పకున్నను మనము చెప్పవలయును.

శిక్షణ విషయము. మొదట అద్దె కార్టుపై కొన్ని నెలలు నడపనిచ్చి, బాలుని యాసక్తి నిలుచునో లేదో చూడుడు. మా వానికి మొదట నేర్పినది వేగము కాదు, ఆగుట. కుడికాలు వేగమునకు, ఎడమకాలు బ్రేకునకు. బ్రేకు సాధారణముగా వెనుక ఇరుసుమీదనే పనిచేయును. మలుపులో గట్టిగా నొక్కిన బండి బొంగరమగును. కావున తిన్నని దారిలోనే వేగము తగ్గించి, పిమ్మట తిప్పవలయును. బయటి అంచునుండి లోపలి అంచును తాకి మరల బయటికి పోవుట మార్గము. జెండాలను అక్షరములవలె నేర్వవలయును: పసుపు అపాయమును సూచించును, అప్పుడు ఎవ్వరిని దాటరాదు; ఎఱుపు పందెము నిలిపివేయబడినదనును; నీలము వెనుక వచ్చు వేగవంతునికి దారి యిమ్మనును.

మన దేశమున పోటీకి ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా వారి లైసెన్సు అవసరము. రోటాక్స్ మాక్స్ పోటీలలో వయస్సునుబట్టి మైక్రో, జూనియరు, సీనియరు అను తరగతులున్నవి. ఆస్ట్రియాదేశపు ఆ ఇంజనులకు ముద్ర వేయుదురు. ధనవంతుడు తన యింజనును రహస్యముగా బాగుచేయించి గెలువరాదని. అయినను వ్యయము తక్కువ కాదు. టైర్లు త్వరగా అరుగును, ప్రయాణములు తోడగును. తొలియేట బండి కొనవలదని నా యభిప్రాయము, జట్లు అద్దెకిచ్చును. భూమి తాకట్టు పెట్టి ఈ విద్య చెప్పించుట నేను ఒప్పను. ఫార్ములా వన్ పందెమున పరుగెత్తిన భారతీయులు ఇద్దరే: 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చంధోక్.

అయిననూ బీదవాని బిడ్డకు దారి పూర్తిగా మూసికొనిపోలేదు. జర్మనీలో మైకేల్ షూమాకర్ తండ్రి ఇటుకపని చేయువాడు. నాలుగేండ్ల కొడుకు త్రొక్కుడుబండికి తానే ఇంజను బిగించెను. ఇంగ్లండులో లూయిస్ హామిల్టన్ 1993లో ఎనిమిదేండ్లప్పుడు పోటీలలో ప్రవేశించెను. ఆతని తండ్రి పలు ఉద్యోగములు చేసి వ్యయము భరించుచు, బడిలో శ్రద్ధగా చదివిననే కార్టు అని షరతు పెట్టెను. ఆ షరతు, ముప్పదియేండ్లు బడిపంతులుగా నున్న నాకు మిక్కిలి నచ్చినది.

మా వాడు తొలి పందెమున కడపటివాడుగా వచ్చెను. నా యల్లుడు కంచెయొద్దనే కేకలు వేయబోగా నేను చేయి పట్టుకొంటిని. ఆ సాయంకాలము బాలుడు ఎవ్వరితోను మాటాడక, టైర్లకంటిన రబ్బరుముక్కలను గీకుచు కూర్చుండెను. రాత్రి భోజనమువేళ, మూడవ మలుపున తాను బ్రేకు ఆలస్యముగా నొక్కితినని తానే చెప్పి, వచ్చు ఆదివారము మరల పోవుదమా యని యడిగెను. సోమవారము లెక్కల పరీక్ష యున్నందున, ఆపై ఆదివారమునకు నిశ్చయించితిమి.